జూమ్ కొన్న, సుజాతా

సుజాతా,

నువ్వు పోయిన ఏడాదికి, ఆఖరికి మన స్టూడియోకు జూమ్ లెన్స్ కొన్న. ఉన్నన్ని రోజులు నువ్వు పోరుతనే ఉంటివి, నేనే వినలే.

గద్వాలల నేసేటోళ్ల ఇండ్లు నీకు తెల్వనియా. ఉన్న ఒక్క అర్రల సగం మగ్గాలే. పాత లెన్స్‌తోటి మగ్గం, మనిషి, చీర అన్నీ ఒక్క ఫొటోల రావాలంటే నేను వెనక్కి నడవాల్సిందే. వెనుకనేమో ఇంకో మగ్గం గుంట. నువ్వు ఒక చేత్తో లైటు, ఇంకో చేత్తో నా అంగీ పట్టుకొని, "ఇగ ఆగు. గుంటల పడ్తె నేను లేపను," అంటుంటివి.

హైదరాబాద్ దుకాణమాయన పెద్ద జూమ్ చూపిచ్చిండు. "దూరంకెళ్లి పెండ్లిపిల్ల ముక్కుపుడక గూడ తియ్యొచ్చు," అన్నడు. మనకు దూరమేడుంది, అంతా ఇరుకే గదా. ముప్పై అయిదు నుంచి డెబ్బై ఎమ్మెమ్ దాంక పోయే చిన్న జూమే తీసుకున్న. ఒక దిక్కు తిప్పితే అర్రంత వస్తది, ఇంకో దిక్కు తిప్పితే అంచు మీది జరీ వస్తది.

నిన్న ఈరన్న మామ ఇంట్ల దాంతోటి మొదటి ఫొటో తీసిన. రింగు తిప్పితే నిలబడ్డ కాడనే అంతా వచ్చింది. అయినా వెనక్కి ఒక అడుగు ఏసిన. ఇంకో అడుగు ఏసిన. మామ మగ్గం ఆపి, "ఏంది అల్లుడా, జూమ్ కొన్ననంటివి గదా?" అన్నడు.

"కొన్న మామా," అన్న.

నువ్వు అంగీ గుంజేదాంక నా కాళ్లు ఆగవని ఆయనకెట్ల చెప్పాలె.