ఒకటో తరగతి ఎవరికి

అమ్మలూ,

నీ ఉత్తరం చేరింది. నా ఆరోగ్యం గురించి పేజీన్నర రాసి, అసలు సంగతి చివర్న ఇరికించావు. "మీరు ఆ కమిటీ ముందు మాట్లాడితే నేను స్టాఫ్‌రూములో తలెత్తుకుని కూర్చోలేను నాన్నా, ఈ ఒక్కసారికి ఊరుకోండి" అన్నావు. చదివినప్పటి నుంచి నాకు కుర్చీలో కుదురు లేదు. లేస్తున్నాను, కూర్చుంటున్నాను, కిటికీ తెరుస్తున్నాను, మూస్తున్నాను. కింద వాటావాళ్ళు గొడవకొస్తారని మీ అమ్మ నా చెప్పులు విప్పించింది.

ఊరుకోను. బడుల్లో వరస పద్ధతి ఎత్తేసి, ఎవరు ఏ తరగతికి చెప్పాలో హెడ్మాస్టరే నిర్ణయించేలా చట్టం తేవాలా వద్దా అని ప్రభుత్వం కమిటీ వేసి అందరి మాటా వింటానంటోంది. రిటైరైన హెడ్మాస్టర్ల తరఫున నన్ను రమ్మన్నారు. వరస గురించి నీకు చెప్పేదేముంది అనుకుంటావు. కానీ రోజూ చూసేదాన్ని మనిషి చూడటం మానేస్తాడు, అందుకని చెబుతున్నాను. సెలవులయ్యాక బడి తెరిచే ముందు స్టాఫ్‌రూములో అందరూ కూర్చుంటారు. సర్వీసు ఎక్కువున్నవాళ్ళ పేరు ముందు పిలుస్తారు. పిలిచినవాళ్ళు తమకు కావాల్సిన తరగతి చెబుతారు. అందరికంటే ముందు ఐదో తరగతి పోతుంది, ఎందుకంటే ఆ పిల్లలు బోర్డు చూసి రాసుకోగలరు, పంతులు కూర్చోవచ్చు. మా బడిలో కునుకు మాస్టారికి ఏటా ఐదో తరగతే. పిల్లలే ఆయన్ని లేపేవాళ్ళు, అదీ గంట కొట్టాక. చివరికి మిగిలేది ఒకటో తరగతి. అది నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లకో పిల్లాడికో పడుతుంది. వాళ్ళు ఏడాది తిప్పలు పడి, మరుసటేడు తప్పించుకుంటారు. అంటే చదవటం నేర్పే ఒక్క ఏడాది, నేర్పటం రానివాళ్ళ చేతిలో పెడతాం. ఆ పిల్ల ఐదుకొచ్చాక చదవలేకపోతే ఇంట్లో సరిగ్గా చూడలేదని తల్లినంటాం.

ఇక ప్రభుత్వం వంతు. చదవటం రాకపోయినా పై తరగతికి పంపమంది. అక్షరాలు రాని పిల్లకు పుస్తకం మార్చింది, పుస్తకం మార్చినా రాకపోతే పథకం పేరు మార్చింది. ఈ వరస పోకుండా కాపు కాసేది మీ టీచర్ల సంఘం. నీకు తెలుసుగా, సంఘాలు ఎలా పుట్టాయో చెప్పే పుస్తకాలు మన అల్మరాలో ఒక అర నిండా ఉన్నాయి. గనుల్లో ఊపిరాడక చచ్చేవాళ్ళు యజమాని మీద సంఘం కట్టారు. నేనుంటే నేనూ కట్టేవాణ్ణి. యజమాని లాభం తింటున్నాడు, అందులో వాటా అడిగారు, న్యాయం. బడిలో ఎవడు లాభం తింటున్నాడు? సమ్మె చేస్తే మంత్రికి ఒక పూట చికాకు. ఆరేళ్ళ పిల్లకు ఏడాది పోతుంది. ఆ పిల్లకు ఓటు లేదు, సంఘం లేదు. అటు కూర్చుని బేరమాడే మంత్రికేమో ఈ సంఘం ఓట్లే కావాలి. ఇద్దరూ ఒక వైపే కూర్చుని దాన్ని చర్చలంటారు.

సర్వీసులో ఉన్న టీచరు ఒక్కరు నా పక్కన కూర్చుని ఔనంటే చాలు. నువ్వు కూర్చోవు. ఈ ఏడు మీ బడి వరసలో మొదటి పేరు నీదేనటగా. ఐదో తరగతికి అభినందనలు.

ఊరుకోవటం చేతకాని,
మీ నాన్న

*

అమ్మాయీ,

జవాబు రాయలేదు. పోస్టు పెట్టె దాకా రోజూ దిగుతున్నాను, మూడంతస్తులు. కరెంటు బిల్లు, పళ్ళ డాక్టరు ప్రకటన తప్ప ఏమీ లేవు. "దానికి అభినందనలు చెప్పి వెక్కిరించారు, ఏం రాస్తుంది" అంటోంది మీ అమ్మ. వెక్కిరించకుండా ఉత్తరం రాసే వయసు నాకు దాటిపోయింది.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటుంది. చెప్పకుండా ఆ కమిటీకి వెళితే నా నోట్లోంచి మాట సరిగ్గా రాదనిపిస్తోంది.

నేను హెడ్మాస్టరుగా ఉండగా, సమ్మె జరిగిన ఆ ఏడు, వరస పక్కనపెట్టి ఒకటో తరగతి మైకుకి వేశాను. మైకు నీకు తెలుసు. పక్కనున్నవాడితో మాట్లాడినా సభలో మాట్లాడినట్టే ఉంటుందని పిల్లలు పెట్టిన పేరు. ఇప్పుడు రాష్ట్రానికంతా సంఘం అధ్యక్షుడు. వాడి మీద కోపంతో వేశానని అందరూ అన్నారు. కాదు. నా బడిలో వాడంత బాగా చదవటం నేర్పినవాడు లేడు, అదే నా మంట. సెలవు పెట్టిన టీచరు బదులు వెళ్ళి ఒక పూట చెబితే, పిల్లలు ఆ సాయంత్రం దుకాణాల బోర్డులు చదువుకుంటూ ఇంటికెళ్ళేవాళ్ళు. అలాంటివాడు పెద్ద తరగతులు అనుభవిస్తుంటే, కొత్త పిల్ల ఒకటో తరగతిలో గొంతు చించుకుంటోంది. ఆర్డరు వేశాను. వాడు సమ్మె చేయించాడు. ఊళ్ళో బడులన్నీ మూతపడ్డాయి. శాఖవాళ్ళు సంఘానికి భయపడి నన్ను పాఠ్యపుస్తకాల గోదాముకి మార్చారు. రిటైరయ్యేదాకా ఎలకలకు హెడ్మాస్టరుగా ఉన్నాను. ఇదంతా నీకు తెలుసు.

నీకు తెలియనిది ఇది. ఊరేగింపు మా బడి ముందు నుంచి వెళ్ళినప్పుడు నేను గేటు లోపల నిలబడి ఉన్నాను. నా పేరు రాసిన అట్టలు వచ్చాయి, నియంత అన్నారు, నవ్వుకున్నాను. కునుకు మాస్టారు కూడా మేలుకుని నడుస్తున్నాడు, దానికీ నవ్వుకున్నాను. వెనక వరసలో నువ్వు కనపడ్డావు. అప్పటికి నువ్వు ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. చేతిలో అట్ట ఉంది. తల వంచుకుని ఉన్నావు, పెదాలు మాత్రం అందరితో పాటు కదులుతున్నాయి. నేను గుమాస్తా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆ సాయంత్రం నువ్వు ఇంటికొచ్చి కాఫీ పెట్టిచ్చావు, తాగాను. ఇన్నేళ్ళూ అడగలేదు. మా అమ్మాయి కూడా టీచరేనని ఎవరికైనా గర్వంగా చెప్పబోతే ఆ పెదాలు కళ్ళముందు కదులుతాయి.

వెళుతున్నాను. మాట్లాడతాను. నువ్వు తలెత్తుకోలేకపోతే నాకు బాధే, కానీ ఆపను.

నాన్న

*

నా తల్లీ,

ఫోనులో సగం మాటలు మింగేశాను. అందుకే మళ్ళీ కాగితం.

పెద్ద హాలు. పొడుగు బల్ల వెనక కమిటీవాళ్ళు కూర్చున్నారు, అందులో ఒకాయన నేను మాట్లాడినంతసేపూ ఫోనులో మనవడి ఫోటోలు చూసుకున్నాడు. మైకు నాకు ఎదురుగా ఉన్నాడు. జుట్టుకి రంగు వేశాడు. నేను గనుల సంగతి చెప్పాను, ఆరేళ్ళ పిల్ల సంగతి చెప్పాను. బాగానే చెప్పాను. వరస ఉన్నంతకాలం సీనియరు ఎవరూ ఒకటో తరగతి అడగరని ముగించాను.

వాడు లేచాడు. నమస్కారం పెట్టాడు.

"మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మొన్న మీ అమ్మాయిగారి బడిలో వరస పిలిచారు. మొదటి పేరు ఆవిడది. ఏ తరగతి అడిగారో మీకు తెలుసా?"

తెలియదన్నాను.

"ఒకటో తరగతి అడిగారు సార్," అన్నాడు కమిటీ వైపు తిరిగి. "చట్టం లేదు, ఆర్డరు లేదు. మా వరసలోనే, మా నియమంతోనే. ఇంక ఈ చట్టం దేనికి?"

సంఘంవాళ్ళు చప్పట్లు కొట్టారు. నీ పేరు మీద నన్ను ఓడిస్తున్నారు. ఓడిపోతున్న ముసలాడికి కళ్ళు ఎందుకు చెమర్చాయో పక్కనున్నవాళ్ళకి తెలియదు. అవమానమనుకుని ఒకావిడ మంచినీళ్ళిచ్చింది.

తాగి, ఒక్క మాటే అడిగాను.

"ఇంకొకరి పేరు చెప్పు."

వాడు నవ్వబోయి ఆగాడు. రాష్ట్రమంతా నీ సంఘమేగా, ఇంకొక్కరు చాలు అన్నాను. కాగితాలు తిరగేశాడు. చప్పట్లు ఆగాయి. ఫోటోలు చూస్తున్న ఆయన కూడా తలెత్తాడు. మైకు నోరు మూసుకోవటం ఆ హాల్లో అందరూ మొదటిసారి చూశారు.

బయట వరండాలో వాడే నా దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు, వాడికి అది చాతనవుతుందని నాకిప్పుడే తెలిసింది. "ఆ రోజు ఆర్డరు వెయ్యకుండా అడిగుంటే తీసుకునేవాణ్ణేమో మాస్టారూ" అన్నాడు. అడిగితే చేసేది ఉపకారంరా, పిల్లలకు కావాల్సింది టీచరు అన్నాను. చట్టం ఎందుకో వాడికీ తెలుసు. నీలాంటివాళ్ళు ఎప్పుడో ఒకరు పుడతారు, బడి మాత్రం రోజూ తెరవాలి.

ముందే ఎందుకు చెప్పలేదే అని ఫోనులో అరిచాను. "చెబితే దాన్నీ మీ ప్రసంగంలో కలిపేస్తారు నాన్నా" అన్నావు. నిజమే, కలిపేసేవాణ్ణి. మొదటి వాక్యంలోనే.

తరవాత నువ్వన్నదే నాకు చెవుల్లో తిరుగుతోంది. "ఆ అట్ట పట్టుకున్న ఏడాది నాకు ఏ తరగతి ఉందో గుర్తుందా? ఒకటో తరగతే. ఏం చెయ్యాలో తెలియక రోజూ బాత్రూములో ఏడ్చేదాన్ని. ఆ రోజు అందరూ వెళుతుంటే ఒక్కదాన్నే ఆ పిల్లల ముందు నిలబడలేక వెళ్ళాను. ఆ పిల్లలకు బాకీపడ్డాను నాన్నా, మీక్కాదు." అలాగే. నాకు వద్దులే.

ఇక పని సంగతి. ఒకటో తరగతి గదిలో కిటికీ బోర్డుకి ఎదురుగా ఉందా, పక్కన ఉందా? ఎదురుగా ఉంటే పొద్దున పూట బోర్డు మెరిసి, వెనక బల్లలకు అక్షరం కనపడదు. కనపడలేదని ఆ వయసు పిల్లలు చెప్పరు, తలూపుతారు. మనం వచ్చేసిందనుకుంటాం. బల్లలు తిప్పించు. హెడ్మాస్టరు కుదరదంటే నాకు చెప్పు, నేనొచ్చి తిప్పుతాను.

కిటికీ ఎటుందో వెంటనే రాయి. అది తెలిసేదాకా నాకు కుదురుండదు.

మీ నాన్న