లేని మెట్టు ఎత్తు

అమ్మకు, నీ కొడుకు నమస్కరించి రాసేది. ఇక్కడ నా ఒంటికి ఏ లోటూ లేదు. నువ్వూ చెల్లీ కులాసాగా ఉన్నారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు. మోకాలి దెబ్బ మానింది, చెక్కు కూడా ఊడిపోయింది. గది మార్చలేదు, కిటికీ ఇప్పటికీ సగమే తెరుచుకుంటుంది, ఆ సగంలోంచే గాలీ వెలుతురూ వంతులేసుకుని వస్తున్నాయి. గడ్డం తీసేశాను. ఇక ‘సన్నాసి’ అని పిలవడానికి వీల్లేదని చెల్లితో చెప్పు. సర్వే రికార్డు మీద సంతకం అయిందా అని రెండుసార్లు అడిగావు. అక్కడికే వస్తున్నాను. ముందు నా మనసులో ఉన్నదంతా కక్కనీ.

ఈ కాలేజీ అంటే నాకు రోత పుట్టిందమ్మా. మా సర్వే పని ఏమిటంటే, గేటు దగ్గరున్న ఒక గుర్తురాయి నుంచి బయలుదేరి, కాలేజీ చుట్టూ ఇరవై చోట్ల ఎత్తులు కొలుస్తూ మళ్ళీ ఆ రాయి దగ్గరికే రావాలి. ఒకడు యంత్రంలోంచి చూస్తాడు. ఇంకొకడు అంకెలున్న పొడుగాటి కర్రను నిట్టనిలువుగా పట్టుకుంటాడు. రాయి ఎత్తు మొదట ఎంతో చివరికీ అంతే వస్తే లెక్క కలిసినట్టు. ఒళ్ళు వంచితే ఒక్కరోజు పని.

మావాళ్ళు అంత కష్టం పడరు. ఎవరిదో పాత రికార్డు ఒకటుంది, దానికి ‘తాతయ్య’ అని పేరు. ఏటేటా పై తరగతివాళ్ళు కిందివాళ్ళకు అప్పగించి పోతారు. “తాతయ్య ఎవరి గదిలో ఉన్నాడ్రా?” “పడుకున్నాడు, లేపకు!” అని ఇకిలింపులు. చుట్టూ చేరి అందులోది చూసి తమ రికార్డుల్లోకి ఎక్కించుకుంటారు. అనుమానం రాకుండా అక్కడొక అంకె, ఇక్కడొక అంకె మార్చి లెక్క మళ్ళీ కలిసేలా సర్దుకుంటారు.

తాతయ్యలో పదకొండో కొలత క్యాంటీన్ మూడో మెట్టు మీద తీసింది. ఆ మెట్లు పగలగొట్టి రెండేళ్ళయింది. సరుకుల బండి ఎక్కడానికి అక్కడ ఏటవాలుగా సిమెంటు బాట వేశారు. అయినా మా తరగతిలో ముప్ఫయి ఎనిమిది రికార్డుల్లో మూడో మెట్టు ఎత్తు ఉంది! లేని మెట్టుకు ఎత్తు! మా సర్వే మాస్టారు రోజూ ఆ బాట మీదే టీకి వెళ్ళొస్తారు. ముప్ఫయి ఎనిమిదింటికీ సంతకం పెట్టారు.

ఒక్క రికార్డునే విసిరికొట్టారు. మేం ‘తాబేలు’ అని పిలిచేవాడిది. నెమ్మదస్తుడు, ఏ పనైనా చివర పూర్తిచేస్తాడు, కానీ తనే చేస్తాడు. వాడికి లెక్క కలవలేదు, బెత్తెడు తేడా వచ్చింది.

“అందరికీ కలిసింది నీకెందుకు కలవలేదయ్యా? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?”

“కొలిచిందే రాశాను సార్.”

“కొలిచింది ఎవడిక్కావాలి? కలిసింది రాయి!”

తరగతంతా ఘొల్లుమంది. ఆ సంతకం లేకపోతే పరీక్షకు రానివ్వరు. వాడికి ఒక ఏడాది గంగలో కలిసినట్టే.

నేను పంపిన కరపత్రం బట్టల ఫ్యాక్టరీలో నీ కోతబల్ల పక్కన బొత్తాలు కుట్టే ఆవిడ చదివి కళ్ళనీళ్ళు పెట్టుకుందని రాశావు. ‘దొంగ చదువులు నశించాలి’ అని పెద్దక్షరాల్లో వేయించాను కదా. అది వేయించిన ఆదివారం సంగతి నీకు రాయలేదు. ఆరోజు తాబేలు నా గది తలుపు తట్టాడు.

“కర్ర పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. కాసేపు వస్తావా?”

“చూస్తున్నావుగా, ఇవన్నీ మడతపెట్టాలి. చదువులో కుళ్ళు మీద రాశాను, ఒకటి తీసుకో,” అన్నాను.

వాడు ఒకటి తీసుకుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కర్రను కుర్చీకి తాడుతో కట్టి, యంత్రానికీ కుర్చీకీ మధ్య ఒక్కడే పరుగులు పెడుతూ కొలిచాడు. ఎక్కడో కర్ర వాలింది. ఆ బెత్తెడు తేడా అదే.

అమ్మా, సంతకమైన ముప్ఫయి ఎనిమిదిలో ఒకటి నాది. కరపత్రాలు పంచి వచ్చేసరికి గడువు మర్నాడే. తాతయ్య పక్కగదిలోనే ఉన్నాడు. మూడో మెట్టు ఎత్తు నా చేత్తో రాశాను. మెట్టు లేదని తెలియక కాదు, తెలిసే రాశాను. అప్పటికి వేళ్ళకు ప్రెస్సు సిరా ఇంకా అంటుకునే ఉంది. ఇంతకుముందు ఈ కాలేజీని చూస్తే అసహ్యం వేసేది. ఇప్పుడు అద్దం చూసుకున్నా అంతే.

బుధవారం తరగతిలో లేచి, “నాదీ దొంగ రికార్డే సార్, మీ సంతకం రద్దు చేయండి,” అన్నాను.

“సంతకం అయిపోయింది కదయ్యా, కూర్చో,” అన్నారాయన, దోమను తోలినట్టు. నేను కూర్చోలేదు. చివరికి విసుగెత్తి ఎర్రసిరాతో ఆ సంతకానికి అడ్డంగా ఒక గీత గీశారు. వెనకబల్లల వాళ్ళు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పనా? ఒళ్ళు పులకరించింది.

వరండాలో తాబేలు ఆపాడు. “చప్పట్లు బానే పడ్డాయి నీకు. నా రికార్డు ఇంకా ఆయన బల్లకిందే ఉంది.”

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. తిన్నగా మాస్టారి గదికి వెళ్ళాను. “వాడు మీ ముందే మళ్ళీ కొలుస్తాడు, మీరు చూడండి. లేదంటే నాతో వచ్చి క్యాంటీన్ మూడో మెట్టు చూపించండి,” అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. మర్నాడు రమ్మన్నారు.

కర్ర పట్టుకోబోతే తాబేలు, “నువ్వొద్దు,” అని తోటమాలిని పిలుచుకున్నాడు. యంత్రానికి ఎండ తగలకుండా గొడుగు పట్టడానికి మాత్రం నన్ను ఒప్పుకున్నాడు. సాయంత్రానికి లెక్క కలిసింది, గోరంత తేడా కూడా లేదు. మాస్టారు వాడి రికార్డు మీద సంతకం పెట్టారు. మిగతా ముప్ఫయి ఏడుగురి సంగతి ఎత్తితే, “ఊళ్ళో పెత్తనం నీకెందుకు?” అన్నారు. తాతయ్య అప్పుడే కింది తరగతివాళ్ళ చేతికి వెళ్ళిపోయాడట. థూ!

ఈ ఏడు నాకు పరీక్ష లేదమ్మా. మళ్ళీ కొలవనివ్వమని అడిగాను. ఎక్కించి రాసినవాడికి వచ్చే ఏడే అన్నారు. అందులో అన్యాయం లేదు. కానీ నా చదువు అవగానే ఫ్యాక్టరీ పని మానేస్తానని సూపర్‌వైజరుతో చెప్పేశానని నువ్వు ఎంత సంబరంగా రాశావో! ఇప్పుడు వెళ్ళి మాట వెనక్కి తీసుకోవాలి. ఇంకో ఏడాది ఆ కోతబల్ల దగ్గర పొద్దంతా నిలబడాలి. తప్పు చేసిందీ నేనే, నిజం చెప్పిందీ నేనే, నిలబడేది నువ్వు. నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఈ మాట లేదు.

‘సంతకం అయింది’ అని రాసిన ఉత్తరం ఒకటి మొదట తయారుచేశాను. కవరు అతికించాక చింపేశాను.

నిజం చెప్పావు, శభాష్ అని మాత్రం రాయకు, నాకు వాంతి వస్తుంది. తిట్టు. కడుపారా తిట్టి, చివర్న నీ కాళ్ళు ఎలా ఉన్నాయో రాయి. ఎప్పటిలా ‘బానే ఉన్నాయి’ అని కాదు. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇట్లు,
నీ చేత ఇంకో ఏడాది పని చేయిస్తున్న
నీ కొడుకు