కారు అడుగు క్లిప్పులు

నూజివీడు

చిరంజీవి శశాంక్‌కు మేనత్త ఆశీస్సులు.

నేను కారును కాలువలో పడేశానని మీ ఇంట్లో అనుకుంటున్నారట. అది నిజం కాదు. రెడ్డిగూడెం తోటలో గట్టు తగిలి, కారు అడుగున ఉండే ప్లాస్టిక్ పలక క్లిప్పులు విరిగిపోయాయి. ఆ పలక రోడ్డుకు రాసుకుంటూ చేసిన చప్పుడుకే ఇంత కథ పుట్టింది.

కొత్త క్లిప్పుల కోసం ఊళ్లోని దుకాణాలన్నీ తిరిగి అలసిపోయాను. చివరి మెకానిక్, "తీగతో కట్టేస్తానండీ. అయినా ఈ వయసులో మీకు డ్రైవింగెందుకు మామ్మగారూ?" అన్నాడు.

"నేనడిగింది క్లిప్పులు బాబూ, సలహా కాదు," అన్నాను.

విజయవాడ నుంచి తెప్పించి, దగ్గరుండి బిగింపజేశాను.

నీకు మాత్రమే చెబుతున్నాను. ఆ గట్టు నాకు కనిపించలేదు. పట్టపగలే.

కారు బేరానికి ఆదివారం ఎవరినో తీసుకొస్తానన్నావు. ఆ శ్రమ పడవద్దు. విరగ్గొట్టి వదిలించుకుందన్న మాట పడలేకే ముందు దాన్ని బాగు చేయించాను. నిన్న ఉదయం నెమ్మదిగా నడుపుకుంటూ విస్సన్నపేట వెళ్లి, కారును అమ్మేసి, బస్సులో ఇంటికి వచ్చాను.