మధ్యాహ్నం దాకా తినని ఇల్లు

నూకరత్నానికి,

చోడవరంలో అందరం బాగున్నాం. ఫోన్లో చెబితే నీ కేకలకి వీధంతా పోగవుతుందని కార్డు రాస్తున్నాను.

ఇక్కడ అమ్మాయింట్లో మధ్యాహ్నం దాకా ఎవరూ ఏమీ తినరు. రాత్రి ఎనిమిది దాటితే మంచినీళ్ళే. తినే వేళలోనూ అన్నం లేదు, గోధుమ ముట్టరు. గుడ్లు, చేపలు, ఆకుకూరలే. ఒళ్ళు తగ్గితే కడుపు పండుతుందని మొదలెట్టారట. నిన్న పొద్దున్న మన ఝాన్సీ నా కళ్ళముందే గుమ్మంలో కూలబడిపోయింది! "నా గుంటని పస్తులెట్టి సంపేస్తన్నావేటి బాబూ!" అని అల్లుడి మీద అరిచేశాను. పాపం, అతనూ పస్తే. "ముందు ఆటో ఎక్కండి మావయ్యా" అన్నాడు, పిల్లని చేతుల మీద ఎత్తుకుని.

డాక్టరమ్మ పరీక్ష చేసి నవ్వింది. ఒసే, మన పిల్లకి రెండో నెలే! ఇన్నేళ్ళకి! "ఉపవాసాలు ఇవాళే ఆపెయ్యాలి. అన్నం వేళకి తినాలి. గోధుమ నీకు పడదు కనక అదొక్కటే వద్దు" అంది. ఇంటికొచ్చి పిల్ల పప్పన్నం మారు వడ్డించుకుంటే ఏడుపొచ్చేసింది నాకు.

మొన్న వీళ్ళు తిప్పి పంపిన బియ్యం బస్తా మళ్ళీ ఆటోలో పంపు. ఆవు ఈనిందా? మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకు. ఆ నూకాలమ్మ తల్లి చల్లగా చూడాలి.

పెదబాబు

ఈ కార్డు చదివి వినిపించే పోస్టుమాన్ ధర్మతేజ బాబుకి: గొంతు తగ్గించి చదవమని పైనే రాయాల్సింది, సంతోషంలో మరిచాను. ఈపాటికి వీధంతా వినేసి ఉంటే, మా అటక మీద బెల్లం దింపి నువ్వే పంచెయ్యి నాయనా.