సుగ్గికి గడి లేదు

అమ్మకు,

ఆదోని నుంచి పల్లవి నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. ఊళ్లో అవ్వ, ఆమె మోకాళ్ల నొప్పి, రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి. అక్కడ గుంటూరు చేలల్లో నువ్వూ చెల్లీ బాగున్నారనీ, మిరప ఘాటుకు నీ కళ్ల మంట తగ్గిందనీ తలుస్తాను.

మీ దగ్గరికి వచ్చిపోయే మాదన్న మామ నీ జాబు తెచ్చి ఇచ్చాడు. చెల్లి ప్రమీల నువ్వన్నది అన్నట్టే రాసింది: "బువ్వ సరింగ తింటాండావా లేదా? ఆ కంప్యూటర్లో యేం పని సేస్తాండావు? మాకు అర్థమయ్యేట్ల రాయి." తింటున్నానమ్మా. నేనుండే హాస్టల్ రొట్టె నీ జొన్నరొట్టెలా పొంగదు, అంతే.

పని సంగతి చెప్తాను. మన ఊరి బడిలో కృష్ణాబాయి టీచరమ్మ పాత కంప్యూటర్లో ఇంటికొక పేజీ పెట్టి, ఇంటి కింద పిల్లలను, పిల్లల కింద ఏడాదేడాదికీ తనకు తోచినది రాసుకుంది. కొత్త పద్ధతిలో అట్లా కుదరదు. అంతా గడులున్న పట్టికల్లో ఉండాలి. పిల్లలకొక పట్టిక, ఇళ్లకొక పట్టిక. ఎవరు ఏ ఇంటివారో నంబరుతో ముడి వేయాలి. మా ఆఫీసులో ప్రేమ్ కుమార్ సారు ఈ మార్పిడి నాకు అప్పగించాడు. ఏటా ఊరు వదిలి కోతల కూలికి, సుగ్గికి పోయేటప్పుడు నువ్వు ఇల్లంతా నాలుగు మూటల్లోకి సర్దేదానివి, గుర్తుందా? గూట్లోది ఏ మూటలో ఏ పక్కకు పోయిందో నీకే తెలిసేది. నా పనీ అదే.

వెతుకుతుంటే మన ఇల్లు దొరికింది. నా పేరు కింద, మూడో తరగతి దగ్గర, టీచరమ్మ మాట: "సుగ్గికి పోయింది. తల్లితో. ఉగాదికి వస్తుంది." ఎంత చిన్న మాటలు! అయినా చదవగానే లారీ మూటల మీద నీ ఒళ్లో పడుకున్నట్టయింది. ఎమ్మిగనూరులో లారీ ఆగినప్పుడు నువ్వు ఒక్క టీ కొని, సగం నాకిచ్చి, "బడి యాడికీ పోదు లేమ్మే, మనం వచ్చేదాకా ఆడే ఉంటాది" అన్నావు. ఉగాదికి వచ్చేసరికి నిజంగానే ఉంది. టీచరమ్మ హాజరులో నా పేరు పిలిచింది, నేను నిన్ననే వెళ్లినట్టుగా.

నీ జాబులో చివరి మాటకు ఇంకా జవాబు రాయలేదు. "సుగ్గి పిల్లోళ్ల హాస్టల్ జాబితాలో పాప పేరు లేదంట గదా. దాని నొసట అట్ల ఉండాది. ఈడే కాయ ఏరుకుంటాది లే."

అది నొసటిది కాదమ్మా. నేను చేసింది.

కొత్త పట్టికలో పేరు పక్కన రెండు మాటలకే చోటుంది: చదువుతున్నారు, మానేశారు. సుగ్గికి గడి లేదు. త్వరగా ముగించి సారుతో శభాష్ అనిపించుకోవాలని, సుగ్గి అని ఉన్న ముప్పై ఏడు మందినీ ఒక్క దెబ్బతో "మానేశారు"లో వేశాను. పేర్లు కూడా చదవలేదు. హాస్టల్ జాబితా ఆ పట్టికలోంచే తీశారు. పెద్దవాళ్లు సుగ్గికి పోయినా పిల్లలు ఇక్కడే ఉండి చదువుకోవాలని హాస్టల్ పెడితే, ఆ పిల్లలే జాబితాలో లేకుండా పోయారు. నీ జాబు చదివాకే వెతికాను. ఆ ముప్పై ఏడు మందిలో ప్రమీల ఉంది.

వెళ్లి టీచరమ్మకూ సారుకూ చెప్పేశాను. టీచరమ్మ అంది: "ఇరవై ఏండ్లుగా ఒక్కరిని గూడా బడి మాననీకుండ పట్టుకున్నానే! నువ్వు ఒక్క పూటలో ముప్పై ఏడు మందిని మాన్పిస్తివి!" సారు ఇంకో మాట అన్నాడు: "నువ్వే సుగ్గి పిల్లవి. నీకే గుర్తు లేకుంటే కంప్యూటర్‌కేం తెలుస్తాది?"

ఏడ్చి, కూర్చుని, రాకపోకలకు వేరే పట్టిక కట్టాను. ఒక్కో పిల్లకు ఎన్ని వరుసలైనా రాసుకోవచ్చు: ఎప్పుడు వెళ్లింది, ఎవరితో, ఎప్పుడు వస్తుంది. కొత్త జాబితాకు టీచరమ్మ నెలాఖరుదాకా గడువు తెచ్చింది. పిల్లను ఏ రోజు పంపుతారో పెద్దవాళ్లు చెబితేనే సీటు. అందరికీ ఫోన్లు చేశాను. కమలమ్మత్త ముందు కసిరింది: "తేదీ యాడ తెచ్చేదమ్మా! కాయ అయిపోతే వస్తాం." హాస్టల్ సంగతి చెప్పగానే, "ముందే సెప్పొద్దా! బేస్తవారం పిల్లను బస్సెక్కిస్తా" అంది.

నీకూ మూడుసార్లు చేశాను. "బాగుండావా" అని నువ్వడగ్గానే ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ జాబు మాదన్న మామ చేతికిస్తున్నాను.

ప్రమీలా, ఇది అమ్మకు చదివి వినిపిస్తున్నది నువ్వే కదా. నీ పేరు తీసేసింది నీ అక్కే. నన్ను ఎంత తిట్టుకున్నా సరే, అమ్మను మాత్రం అడుగు. ముప్పై ఆరు వరుసల్లో తేదీలు పడ్డాయి. నీది ఖాళీగా ఉంది. తెలియనిది నాకు తోచినట్టు నింపడం ఒకసారి చేశాను, ఇక చేయను. అమ్మ ఏ రోజు పంపిస్తానంటే ఆ రోజు ఈ కాగితం అడుగున నీ చేత్తో రాసి, మామతోనే పంపు.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తూ,
నీ పెద్ద కూతురు, ప్రమీల అక్క
పల్లవి