ఖాళీ మెరుపులు

ధర్మసాగర్,
12-5-1979.

చిరంజీవి సారంగపాణికి, భజన మండలి రామలింగం ముందు దీవించి, ఆ వెంటనే కోపించి వ్రాయునది.

మా పద్మ పెళ్ళి ఆల్బం అందింది. మూడు రీళ్ళు, రీలుకు పన్నెండు ఫొటోలు అని బేరం కుదిరిననాడు మూడడుగుల నేల అడిగిన వామనుడిలా ఎంత వినయంగా నిలబడ్డావు! పందిట్లో నీ కెమెరా ఫ్లాష్ బత్తి వందసార్లు మెరిసింది, ఊరంతా సాక్ష్యం. ఆల్బంలో చూస్తే ముప్పై ఆరే ఉన్నాయి. బేరం అంతకే కావచ్చు. కాని మా ఇంటి పెళ్ళిలో మెరిసిన ప్రతి మెరుపూ మాదే. మిగతావి ఎవరికి అమ్ముకున్నావు?

మా బావమరిది, తొర్రూరు మొండయ్య, పట్టు తలపాగా చుట్టుకొని నిన్ను పిలిచి పిలిచి తీయించుకున్నాడు. ఒక్కటీ లేదు. ఆల్బం చూడమని పంపితే తిప్పి పంపి, ‘ఇగ మీ గడప తొక్క’ అని కబురు పెట్టాడు. వచ్చే నెల పద్మను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోయాలి. మేనమామ రాకపోతే పిల్ల ఏడుస్తుంది. తమ్ముడు రాడన్న బెంగతో మా ఇంటావిడ కట్టమ్మ నాతో మాటలు మానేసింది. ఆ ఫొటోలు వస్తేనే మిగిలిన పైకం.

ఇట్లు, ధర్మాగ్రహంతో,
రామలింగం.

తా.క.: మాటలు మానేసినా వండిపెడుతోంది. కూరలో ఉప్పు మాత్రం వేయడం లేదు. దీనికీ నువ్వే బాధ్యుడివి.


హన్మకొండ,
17-5-1979.

స్వామివారు కోపంగా ఉన్నారు కనుక కాస్త దూరం నుంచే పాదాలకు దండం పెట్టి సారంగపాణి వ్రాసుకొనునది.

బయట చెప్పుకోని మా పని గుట్టు మీకు చెబుతున్నాను. పెళ్ళిలో ప్రతి చుట్టమూ ‘నన్నొకటి దియ్యవా’ అని చెయ్యి పట్టి గుంజుతాడు. తీయనంటే అలుగుతాడు. తీస్తే తాళి కట్టే వేళకు రీలు మిగలదు. అందుకని కెమెరా నొక్కకుండా ఉత్త బత్తి మెరిపిస్తాం. ఆయన సంతోషం ఆయనకు, మీ రీలు మీకు. మొండయ్యగారికి దక్కినవన్నీ అవే. ముప్పై ఆరుకు మించితే పైసా ఇవ్వనన్నది మీరే. వియ్యాలవారి పెద్దలందరి పేర్లూ చెప్పి వీళ్ళు పడి తీరాలన్నారు. నేను మీ సొమ్ము కాపాడితే నన్నే దొంగను చేశారు.

విధేయుడు,
సారంగపాణి.

తా.క.: మీరు మైకు పట్టుకొని గృహస్థ ధర్మం గురించి ప్రసంగించినప్పుడు మెరిసినవీ అవే. ప్రతి మెరుపుకూ మీరు శాలువా సర్దుకుంటుంటే నాకే పాపమనిపించింది.


ధర్మసాగర్,
21-5-1979.

సారంగపాణికి, ఈసారి దీవించకుండానే వ్రాయునది.

ఖాళీ ఉద్ధరిణెతో తీర్థం పోస్తావా! నెయ్యి లేని గరిటె తిప్పి హోమం చేశానంటావా! ఏ శాస్త్రం ఒప్పుకుంటుంది? ఆమాటకొస్తే అసలు నీ పనికి ఇంత ధర ఏమిటి? వెలుగు సూర్యభగవానుడిది, ముఖాలు మావి, పందిరి మాది. కాసిన్ని మందునీళ్ళు, అట్టముక్కలు, వేలితో ఒక నొక్కుడు తప్ప నీదేముంది? సగం మెరుపులు ఖాళీవైతే సగం సొమ్మూ ఖాళీయే.

ఇట్లు,
రామలింగం.

తా.క.: ఆ ప్రసంగాన్ని ఊరంతా మెచ్చుకుంది. మళ్ళీ మొదటి నుంచి చెబుతాను. ఒక్క నిజం ఫొటో తీస్తావా? ధర వ్రాయవద్దు.


హన్మకొండ,
26-5-1979.

స్వామివారికి దండాలు.

నొక్కుడే కదా అన్నారు. పురాణం చెప్పినందుకు మీకు శాలువా కప్పి సంభావన ఇస్తారు. నోరు దేవుడిచ్చింది, కథ పూర్వులది, నాలుక కదపడం తప్ప నీదేముంది అని ఎవరన్నా అడిగారా? ఏళ్ళ తరబడి చదివారు, ఎక్కడ గొంతు పెంచాలో నేర్చారు. (ఎక్కడ ఆపాలో ఇంకా పట్టుబడలేదు.) నా పనీ అంతే. తాళి ముడి పడేది రెప్పపాటు, మళ్ళీ రమ్మంటే రాదు. దాన్ని జారిపోనివ్వకుండా తెల్లవారింది మొదలు ఖాళీ కడుపుతో నిలబడ్డాను. మీరు కొన్నది ఆ కాపలాను, అట్టముక్కను కాదు.

అయినా ఒడిబియ్యం నాడు కొత్త రీలుతో వస్తాను. మొండయ్యగారిని రప్పించే పూచీ మీది.

విధేయుడు,
సారంగపాణి.

తా.క.: ఆయనది ఒక చిత్రం. మెరిసిన ప్రతిసారీ ‘ఇది గాదు, జర ఆగు’ అంటూ వంటల దిక్కు మెడ తిప్పేవారు. నిజంగా తీసి ఉన్నా చెవి తప్ప ఏమీ పడేది కాదు.


ధర్మసాగర్,
2-7-1979.

ఆత్మీయుడు సారంగపాణికి, రామలింగం రెండు చేతులూ జోడించి వ్రాయునది.

ఒడిబియ్యానికి ముందునాడు నేను తొర్రూరు పోయిన సంగతి నీకు చెప్పలేదు. ‘తమ్ముడా, నీ మీద మెరిసినవన్నీ ఉత్త మెరుపులేనట, నీ ఫొటోలు లేవు’ అన్నాను. మొండయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

“నా ఫొటో ఎవనికి గావాలె బావా? ఆల్బంల మా అక్క ఏది? ముందటికెళ్ళి ఎనకకు సూసిన, ఎనకకెళ్ళి ముందటికి సూసిన. అల్లుని పెద్దనాయిన ఏ పేజీ తిప్పినా ఉన్నడు. పిల్లను గన్నతల్లి ఒక్కదాంట్ల లేదు. ‘అక్కా రావే, ఇద్దరం దిగుదాం’ అని ఒర్రుతనే ఉన్న. పొయ్యికాడికెళ్ళి ‘వత్తాన, వత్తాన’ అంటనే ఉన్నది. నువ్వేమో మైకుల గృహస్థ ధర్మం జెప్పవడితివి!”

ఫొటోలో ఎవరెవరు పడాలో నీకు చెప్పినప్పుడు నేను కట్టమ్మ పేరు చెప్పనేలేదు నాయనా. అందుకే ఒడిబియ్యం నాడు నువ్వు గుమ్మంలో అడుగుపెట్టగానే రీలంతా ఆమెకే అన్నాను. ధర చెప్పబోతే వద్దన్నాను.

ఫొటోలు నిన్న అందాయి. తమ్ముడి పక్కన, పద్మ పక్కన, ఒక్కతే కుర్చీలో మహారాణిలా! కొంగు సర్దుకోబోయి నీ వైపు చూసిన ఆ రెప్పపాటును ఎట్లా పట్టావు? ఇంట్లో రోజూ చూసే ముఖం, నాకెందుకు కనపడలేదు? నీ కాపలా అంటే ఏమిటో తెలిసింది. పాత బాకీతో కలిపి, ఫొటోలతో పంపిన చీటీలో నువ్వు కట్టిన ధర కట్టినట్టే మనియార్డరు చేశాను. బేరమాడితే ఆ ముఖానికి బేరమాడినట్టు. భగవంతుడు నీ వేలిని చల్లగా చూడాలి.

ఇట్లు, కృతజ్ఞతతో,
రామలింగం.

తా.క.: నేనూ ఆమె కలిసి దిగిన దాంట్లో కట్టమ్మ పగలబడి నవ్వుతోంది. ఎందుకని అడిగాను. “ఫొటో పిల్లగాడు ‘స్వామీ, జర నోరు మూసుకోన్రి’ అన్నడు, నువ్వు మూసినవ్. లగ్గమైన కాడికెళ్ళి నాతోని గాని పని! దానికెంత దీస్కుంటడో రాసి అడుగు, నెలకోపారి పిలిపిద్దాం” అంటోంది. ధర వ్రాయగలవు.