చేప ముక్కు మీద సూదిపోట్లు

మంగళవారం, మధ్యాహ్నం

మీకు నమస్కరించి మీ భార్య రాసుకుంటున్న సంగతులు.

ఇక్కడ అత్తయ్యగారి మోకాళ్ళు తప్ప అందరం బాగున్నాం. ఓడలో మీకు తిండీ నిద్రా సరిగ్గా సాగుతున్నాయని తలుస్తాను.

మీరు పంపిన చేప ఫోటో, ఉత్తరం అందాయి. ఉత్తరంలో ముప్పాతిక వంతు దాని కళ్ళే. సముద్రం లోతుల్లోకి కెమెరా దించింది మీరేనని, ఆ చీకట్లో అది పైకే చూస్తూ కదలకుండా ఉందని, అలాంటి చూపు ఎన్నడూ ఎరగనని రాశారు. నా గురించి చివర్న రెండు ముక్కలు. పెళ్ళయి ఇన్నాళ్ళయినా నీ కళ్ళెలా ఉంటాయో నాకు తెలియదు, తలెత్తి చూసేవాళ్ళు లేని ఇంటికి రావడమెందుకు, ఇంకో ఏడాది ఓడలోనే ఉండిపోనా, నువ్వే చెప్పు అని.

చేపను చూసి కుళ్ళుకున్నానంటే నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అది ఉల్లిపాయలు తరగదు, పొగలో నిలబడదు, మీ చొక్కాలకు బొత్తాలు కుట్టదు. దాని కళ్ళు బాగుండక ఏమవుతాయి? బొత్తాం కుడుతున్న సూది చేతిలోనే ఉంది. ముందువైపు నల్లగా కనబడిన రెండు కళ్ళూ పొడిచేశాను.

మీ చెల్లెలు చూసి, ఫోటో తిప్పి, నేను చూసుకోని వెనకవైపు మీరు రాసింది చదివింది. అయ్యో వదినా, నువ్వు పొడిచింది పాపం దాని ముక్కు, గాజులాంటి తల లోపల పచ్చగా రెండు బుడిపెలున్నాయి చూడు, అవీ కళ్ళు అని పడీపడీ నవ్వింది. మొగుడి మీద కోపం చేప ముక్కు మీద చూపించావా అని అత్తయ్యగారు వంటింట్లోంచే అందుకున్నారు.

మీ ప్రశ్నకు ఏం రాయమంటారని ఆవిడనే అడిగాను. వాడు అడిగింది నిన్ను, నన్ను కాదు అన్నారు. నాకేమీ తోచడం లేదు. అంతా మీ ఇష్టం. అక్కడే బాగుంటే ఉండండి.

ఇట్లు,
మీ భార్య

తా.క. మీ ఇష్టం అని రాసింది అబద్ధం. మీరూ నాలాగే కళ్ళు లేనిచోట వెతికారు. మీరు అన్నం తింటుంటే ఎదురుగా ఉన్న స్టీలు బిందెలో మీ ముఖం కనిపిస్తుంది. తల దించుకుని రోజూ అందులోనే మిమ్మల్ని చూశాను. కూర నచ్చకపోతే ఎడమ కనుబొమ్మ ఎగరేస్తారు. నాతో ఏదో అనబోయి, అనలేక నీళ్ళు తాగేస్తారు. అందుకే ఆ బిందెను అంతలా తోమేదాన్ని. మీరు వెళ్ళాక, అత్తయ్యగారు తిడుతున్నా, ఊరికే కడిగి పెడుతున్నాను. మసకబారింది. వచ్చెయ్యండి. తలెత్తుతానని మాటివ్వలేను గానీ, బిందె తోమి ఉంచుతాను.